కొట్టివేత

నిడమనూరు ఠాణాల రాత్రి డ్యూటీ.
లాకప్పుల ఎవ్వరు లేరు. ఫ్యానుంది, దోమలున్నయి,
నాగమణి నా ఫోన్ల ఎక్కిచ్చిన చైనా సీరియలుంది,
పదిహేను భాగాలు, తెలుగుల మాట్లాడేది.
చైనా ఇన్‌స్పెక్టరు "అయ్యయ్యో, ఎంత పని జరిగిందండీ" అంటడు,
ఏ గోదారి ఒడ్డున ట్రైనింగయిండో.

కత గింతే:
కొండ మీదికి రోప్‌వే. పదకొండు మంది.
ఏడూ నలభైకి తీగ తెగుతది.
టికెట్లు చింపే పిల్ల అందరితోపాటు పడి చస్తది,
చచ్చి, ఆరూ పన్నెండుకు లేస్తది.
పొయ్యి మీద అదే కెటిలు, అదే కూత.

మంచిది మంచిదనాలె.
మొదటి ఆరు భాగాలకు నా చాయ్ సల్లారిపోయింది.
ఎందుకంటే ఆ పిల్లకు తెలివి లేదు.
ఒకసారి అరుస్తది, ఎవ్వడు నమ్మడు.
ఇంకోసారి తలుపుకు అడ్డం నిలబడ్తది, గుంజి పక్కకేస్తరు.
ఏడోసారికి గాని అడగదు
ఊరగాయ జాడీ పట్టుకున్న ముసలాయనను,
"ఎవరికి తాతా?"
అప్పటిదాంక ఆయన మనకు గూడ
ఒక జాడీ, ఒక టోపీ.
"మగ మనిషి, వయసు సుమారు అరవై" అని
ఇరవై రెండేండ్లు పంచనామాలు రాసిన చెయ్యి నాది,
ఆ జాడీ కాడ ఆగింది.

చెడ్డది గూడ చెప్పాలె.
తొమ్మిది నుంచి పదకొండు భాగాలు
సాగర్ ఎడమ కాల్వ చివరి మడికి నీళ్ల లెక్క,
వస్తున్నయంటరు, రావు.
రోజు మళ్లీ మొదలైతే గాయం మాయం గావాలె గద,
ఎనిమిదిల మోచేతికి మచ్చ ఉంది, పదిల లేదు.
తీగ కోసినోడు అరగంట ఏడ్చి ఒప్పుకుంటడు.
నా ముందట ఎవ్వడు అంత వరుసగ, అంత సాపుగ ఒప్పుకోలే,
"నాకేం దెల్వద్ సార్" కాడ్నే సగం రాత్రి పోతది.
ఇగ పోలీసులు. అందరు మంచోళ్లే.
ఫోను మోగంగనే ఎత్తుతరు.
నాగమణి నవ్వింది,
"గదొక్కటే సార్ నమ్మబుద్ధి కాలే."

నేను గూడ నవ్విన.

మూడేండ్ల కింద ఎండకాలం ముత్తిలింగం వచ్చిండు,
బోరు మోటరు తీగ కోసుకపోయిన్రని.
పదకొండూ ఇరవై. జాతర బందోబస్తు కాగితాల మీదున్న.
అర్జీ రాయించుకోని రమ్మన్న.
తెల్లారి అర్జీతోని వచ్చిండు. సారు లేడన్న.
మూడోసారి రాలే.
అప్పు చేసి కొత్త తీగేసి, తానే కావలి పన్నడు.
తడి గట్టు, అతుకు కాడ ఊడిన టేపు.
నూట డెబ్బై నాలుగు కింద నేనే రాసిన,
వయసు సుమారు అరవై.
భుజానికి ఒక యూరియా సంచి ఉండె ఆయనకు.
అండ్ల ఏముండెనో
మొదటి దినం అడగలే, రెండో దినం అడగలే.

సీరియల్ల పెద్ద లోపం ఇదే గావచ్చు:
ఆ పిల్లకు పంతొమ్మిది పొద్దులిచ్చిన్రు.
పంతొమ్మిదిస్తే ఎవ్వలైనా మంచోళ్లయితరు.
కాదు, దాని బలం గూడ గదే గావచ్చు,
పంతొమ్మిదిల ఆరు ఆమె గూడ
పక్కోని మొకం చూడకుంటనే పాడుచేసింది.
నాకు తేలుతలేదు.

జనరల్ డైరీల కొట్టివేత ఉండొద్దు.
కొడితే పక్కన పొట్టి సంతకం పెట్టాలె, టైమెయ్యాలె.
బీరువ తీసి ఆనాటి పేజీ చూసిన.
పదకొండు గంటల కాడ: "విశేషములు లేవు."
నా రాతే. గుండ్రంగ, మంచిగున్నది.

ఆఖరి భాగంల ఎనిమిది నిమిషాలు మిగిలినయి.
నాగమణి చెప్పబోయింది, వద్దన్న.
నాలుగూ పదికి గేటు కాడ కుక్క మొరిగింది.
ఎవరో సైకిలు దిగిన్రు,
స్టాండు ఏస్తున్నరు, అది పడ్తలేదు,
మళ్లీ ఏస్తున్నరు.